పంపు స్కూలుది, చెవులు నావి

"మీ ఆయనకా, తమ్ముడికా?" తల ఎత్తకుండానే అడిగాడు సైకిలు షాపు తిలెక్.

"ఏమిటి?"

"పంపు. ఎవరి సైకిలుకో తెలిస్తే ఏది పనికొస్తుందో చెప్తాను."

"నా సైకిలుకి," అంది బురుల్.

అప్పుడు తల ఎత్తాడు. చేతిలో చక్రం తిరుగుతూనే ఉంది. మనిషి మాత్రం ఆగిపోయాడు. ఇలాంటి చూపులు బురుల్‌కి కొత్త కాదు. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి తను. లెక్కల టీచరుగా తాష్‌బులాక్ స్కూల్లో చేరిన రోజు ప్రిన్సిపాల్ ఇలాగే చూశాడు. అయిదుగురు ఆడపిల్లల్ని వెంటేసుకుని సైకిలు మీద రోడ్డెక్కిన రోజు ఊరు ఊరంతా ఇలాగే చూసింది.

"సరే చెల్లీ," అని తిలెక్ లేచి, గోడకున్న చిన్న గులాబీ రంగు చేతి పంపు ఒకటి తీశాడు. "ఇది చూడు. తేలిక. బ్యాగులో పడేసుకోవచ్చు."

"నా బ్యాగులో ఏముందో ముందు మీరు చూడండి."

భుజానున్న సంచీ బల్ల మీద బోర్లించింది. మూడు ట్యూబులు పడ్డాయి. ఒకదాని వాల్వు సన్నగా మేకులా ఉంది. ఒకటి కారు టైరుకు ఉండేలాంటిది. మూడోది తాతల కాలపు సైకిలుది, తుప్పు పట్టిన మరతో.

"అయిదు సైకిళ్ళు, మూడు రకాల వాల్వులు. రోజూ కంకర రోడ్డు మీద పద్దెనిమిది కిలోమీటర్లు. ఇంకో ఇరవై రోజుల్లో ఇక్కడి స్టేడియంలో జిల్లా స్కూళ్ళ పోటీ. ఆడపిల్లల జట్టు వెళ్ళడం ఇదే మొదటిసారి. అయిదుగురికి ఒక్కరు తగ్గినా జట్టు లెక్కలోకి రాదట. స్కూలు ఒక్క పంపుకే ఒప్పుకుంది. నిలబెట్టి, కాళ్ళతో తొక్కిపట్టి కొట్టే పెద్ద పంపు కావాలి. అన్నిటికీ సరిపోవాలి. గులాబీ రంగుది కాదు. ఇంకొకటి, నేను మీ చెల్లెల్ని కాను."

తిలెక్ చక్రాన్ని చేత్తో ఆపాడు. చెవులు కొంచెం ఎర్రబడ్డాయి. షాపులో ఉన్న నాలుగు పంపులూ తెచ్చి వరసగా నిలబెట్టాడు.

బురుల్ ఒక్కొక్కదాన్నీ పరీక్ష పేపరు దిద్దినట్టు చూసింది. అడుగు పీట మీద నిలబడి ఊగి చూసింది. రబ్బరు పైపు ఎంత పొడవుందో జానతో కొలిచింది. ప్రతిదాంతోనూ ఒకే టైరుకు గాలి కొట్టి, ఎన్ని దెబ్బలు పట్టాయో పైకి లెక్కపెట్టింది. నలభయ్యో దెబ్బకు నుదుటి మీద చెమట మెరిసింది.

"నేను కొట్టనా?" అన్నాడు తిలెక్.

"పోటీకి మీరొస్తారా?"

"ఇదైతే మేలు," అని అతను చివరిదాన్ని ముందుకు జరిపాడు. లావు గొట్టం, ఇనుప పీట, ఎక్కడ ఎప్పుడు వేశారో తెలియని ఆకుపచ్చ రంగు, అదీ పెచ్చులు లేచింది. "గొట్టం లావు కాబట్టి తక్కువ దెబ్బలకే టైరు నిండుతుంది. మూతికి రెండు కన్నాలు. ఏ వాల్వుకైనా మార్చకుండా పెట్టొచ్చు. మట్టి నేల మీద ఒరగదు."

బురుల్ దాని వైపు చూసి, పక్కన నిగనిగలాడుతున్న వెండి రంగు పంపు వైపు చూసింది. సన్నగా, పొడుగ్గా ఉంది. గాలి కొలిచే గేజీ గడియారంలా మెరుస్తోంది. షాపు ముందు అద్దాల వెనక పెట్టుకున్నదీ దాన్నే.

"పల్లెటూరి టీచరమ్మకి మూలనున్నది అంటగడదామనా?"

"అది కాదు. ఆ వెండిది సన్న టైర్లకి. గట్టిగా గాలి ఎక్కుతుంది కానీ చాలాసార్లు కొట్టాలి. పీట తేలిక. మూతిలో రబ్బరు బిళ్ళ ఉంటుంది, వాల్వు మారినప్పుడల్లా దాన్ని తిప్పి పెట్టుకోవాలి..."

"తిప్పుకోవడం నాకొచ్చు," అంది బురుల్. వెండి పంపు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

*

మూడో రోజుకే ఆ పంపు ఆమెను ఏడిపించింది.

స్కూలు వెనక మట్టి నేల మీద పీట నిలవలేదు. మీరిమ్ అనే ఆరో తరగతి పిల్ల పంపు మీద ఒరిగి, పంపుతో సహా పడింది. ఒక్కో టైరుకు పిల్లలు వంతులు వేసుకుని కొట్టేసరికి తొక్కే ఓపిక సగం అక్కడే అయిపోయేది. శుక్రవారం ఉదయం రబ్బరు బిళ్ళ తిప్పబోతుంటే జారి గడ్డిలో పడింది. ఆరుగురూ మోకాళ్ళ మీద పాకి వెతికారు. దొరకలేదు. రోడ్డున పోయే గొర్రెల కాపరి గుర్రం ఆపి, "ఏం మేస్తున్నారు టీచరుగారూ?" అన్నాడు.

మర్నాడు కుండపోత వాన. తప్పు తనదని ఒప్పుకోవడం కంటే వానలో తడవడమే సుఖంగా ఉంది బురుల్‌కి. షాపు గుమ్మంలో నీళ్ళు కారుతూ నిలబడి, పంపు ముందుకు చాచింది.

"అనండి," అంది.

"ఏమని?"

"చెప్పాను కదా అని. వ్యానులో వచ్చేటప్పుడే మనసు గట్టి చేసుకున్నాను."

తిలెక్ పంపు అందుకున్నాడు. టవలొకటి ఇచ్చి, పాలు కలిపిన వేడి టీ గిన్నెలో పోసి పెట్టాడు. పాత ట్యూబు ముక్క తీసి, కత్తెరతో గుండ్రంగా కోసి, మేకుతో కన్నం పొడిచి పంపు మూతిలో అమర్చాడు. నేల మీద బాసింపట్టు వేసుకుని పని చేస్తుంటే జుట్టు కళ్ళ మీద పడుతోంది. అస్తమానం ఊదుకుంటున్నాడు. బురుల్‌కి నవ్వొచ్చింది. టీ గిన్నె అడ్డం పెట్టుకుంది.

"ఆకుపచ్చది ఇచ్చి ఇది తీసుకుంటారా?"

"ఆకుపచ్చది నిన్నే అమ్ముడుపోయింది. పామీరు కొండలకి పోయే జర్మనీ వాడొకడు ఎత్తుకెళ్ళాడు. వాడితో కూడా అరగంట వాదించాను, ఇంత బరువు కొండల మీదకెందుకురా అని. అది మీకోసం అట్టే పెట్టాను మరి."

"నా కోసమా? నేను వద్దనే కదా పోయాను?"

"మళ్ళీ వస్తారనుకున్నాను." ఊరికే మరను బిగిస్తూ అన్నాడు. "పంపు కోసమే లెండి."

వాన తగ్గినా బురుల్ వెంటనే లేవలేదు. ఆకుపచ్చదాని లాంటి పంపే ఇంకొకటి బలిక్చీ ఊరి నుంచి తెప్పించి పై ఆదివారానికి పంపిస్తానన్నాడు తిలెక్. ఈలోగా సోమవారం తనే వచ్చి ట్యూబులకు పట్టీలు వేస్తానన్నాడు. వచ్చాడు. ఆ వారంలోనే మరో రెండుసార్లు, ఎవరూ పిలవకుండానే వచ్చాడు. "మీరు" పోయి "నువ్వు" ఎప్పుడొచ్చిందో ఇద్దరూ గమనించలేదు. పిల్లలు మాత్రం గమనించారు. వాళ్ళకు టీచరమ్మ అంటే ఎజెకే, అన్న అంటే బైకే.

"ఎజెకే, తిలెక్ బైకే మళ్ళీ వచ్చాడు," అని మీరిమ్ కేకేసేది. "ఈసారి పంక్చరు ఎవరికీ లేదు. చేయమంటారా ఒకటి?"

*

పోటీకి ఆరు రోజుల ముందు ఆదివారం పంపు వచ్చింది. తిలెక్ రాలేదు. దూరదేశం పోయే సైకిలు జట్టు ఒకటి చక్రాలు సరిచేయించుకోవడానికి దిగడంతో, అతను పంపును నానమ్మకిచ్చి పంపాడు. బాత్మా నానమ్మకు తాష్‌బులాక్‌లో ఎవరింట్లోనో విందు ఉంది. పెట్టె చినిగిపోయిందని పంపుకు తెల్లగుడ్డ చుట్టి, తాడు కట్టి, "బురుల్ చేతికే ఇవ్వు, జాగ్రత్త" అని మరీ మరీ చెప్పాడు.

పెళ్ళీడుకొచ్చిన మనవడు, శుభానికి చుట్టే తెల్లగుడ్డ, ఒక ఆడపిల్ల పేరు, పైగా ఎర్రబడ్డ మొహం. నానమ్మకు అంతకంటే ఏం కావాలి? భోషాణం తెరిచి వెండి కమ్మలు తీసింది. ఇరుగు పొరుగు నుంచి ఇద్దరు ముత్తైదువల్ని తోడు తీసుకుంది.

బురుల్ పాలు పితికి బిందెతో లోపలికి వచ్చేసరికి ఇంట్లో విందు బల్ల పరిచి ఉంది. నూనెలో వేయించిన వేడివేడి బోర్సోకు రొట్టెలు, జామ్, వెన్న. తండ్రి కెరిమ్ కొత్త టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. తల్లి కళ్ళు తుడుచుకుంటోంది. మధ్యలో గుమ్మడికాయంత గుండ్రటి ముఖంతో ఒక ముసలావిడ, ఒళ్ళో తెల్లగుడ్డ చుట్టిన పంపు, చేతిలో ఎర్ర పెట్టె.

"రా బంగారూ, ఇలా కూర్చో. చెవి ఇటు తిప్పు."

కమ్మలు చూడగానే బురుల్‌కి అర్థమైంది. అబ్బాయి తరఫు పెద్దావిడ వచ్చి కమ్మలు పెట్టిందంటే పిల్ల ఖాయమైనట్టే. ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు. గుండెలో ముందు వచ్చింది సంతోషమే. అది ఎందుకో ఆమెకు తెలుసు. కానీ అది అక్కడ నిలవకముందే తండ్రి నోరు తెరిచాడు.

"హమ్మయ్య. ఇక ఆ సైకిళ్ళ గొడవ వదులుతుంది. చెవికి కమ్మ పడ్డ పిల్ల రోడ్డున పడి తొక్కుతుంటే మీ ఇంటికి మర్యాదా? రేపే ప్రిన్సిపాల్‌తో చెప్పేస్తాను, వేరే ఎవరినైనా చూసుకోమని."

నానమ్మ తల ఊపింది. తోడు వచ్చిన ఇద్దరూ తల ఊపారు.

వేరే ఎవరూ లేరని బురుల్‌కి తెలుసు. అయిదుగురు పిల్లల తల్లుల్నీ ఇంటింటికీ తిరిగి ఒప్పించింది తను. తను లేకపోతే సోమవారం సాయంత్రానికి అయిదుగురూ ఇళ్ళల్లో ఉంటారు, శనివారం స్టేడియంలో మళ్ళీ మగపిల్లలే ఉంటారు.

నానమ్మ చెయ్యి ముందుకొచ్చింది. బురుల్ రెండు చేతులతో రెండు చెవులూ మూసుకుంది.

"కమ్మలు వద్దు అపా. పంపు ఇవ్వండి."

నానమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఏమన్నావ్?" అన్నాడు కెరిమ్. "పంపుకి సరే, పెళ్ళికి కాదా?"

"పంపు స్కూలుది నాన్నా. చెవులు నావి."

"పెద్దావిడ ఇంటికొస్తే చెవులు మూసుకుంటావా? నువ్వు చదివిన చదువు ఇదేనా?"

"నువ్వు చదివించిన చదువే," అంది బురుల్. చేతులు దిగలేదు. "నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. అడక్కుండా పెట్టే కమ్మ నా చెవికి పట్టదు."

నానమ్మ పెట్టె మూసింది. పంపును బల్ల మీద ఠప్పున పెట్టి లేచింది. "డెబ్భై ఏళ్ళలో ఎంతమందికో పెట్టాను కమ్మలు. చెవులు మూసుకున్న పిల్లని ఇప్పుడు చూశాను," అని గుమ్మం దాటింది.

ఆ రాత్రి కెరిమ్ కూతురితో మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు, ప్రిన్సిపాల్ దగ్గరికీ పోలేదు. బురుల్ మాత్రం సోమవారం ఉదయం ఆరింటికి స్కూలు వెనక తెల్లగుడ్డ విప్పింది. పద్నాలుగు దెబ్బల్లో ఒక టైరు నిండింది. అయిదుగురూ ఎక్కారు.

*

బుధవారం తిలెక్ వచ్చాడు. ఎదురుగాలిలో తొక్కి వచ్చాడేమో, మొహమంతా దుమ్ము.

"కమ్మలు పంపింది నువ్వేనా?" సైకిలు దిగనివ్వకుండానే అడిగింది.

"నేను పంపు పంపాను! కమ్మల సంగతి నానమ్మ వెనక్కి వచ్చాకే తెలిసింది. మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఎవరు తలుపు కొట్టినా కథ మొదట్నుంచీ చెప్తోంది. నువ్వు చెవులు మూసుకోవడం నటించి మరీ చూపిస్తోంది."

"అంటే నీకు ఇష్టం లేదన్న మాట."

"లేదని ఎవరన్నారు?"

"ఉందని కూడా ఎవరూ అనలేదుగా!"

తిలెక్ హ్యాండిలు మీద బెల్లును గోటితో గీకాడు. "అడుగుదామనే అనుకున్నాను. మొదటి రోజు పంపులు పరీక్ష చేశావు చూడు. నన్నూ అలాగే నిలబెట్టి, తొక్కి, దెబ్బలు లెక్కపెడతావని భయం."

బురుల్‌కి కోపం నిలవలేదు. మొహం పక్కకు తిప్పుకుంది.

"మా నాన్న ఒక మాట అన్నాడు. కమ్మ పడితే సైకిలు దిగాలని. మీ నానమ్మ తల ఊపింది. నువ్వైతే ఏం చేస్తావ్? నువ్వూ ఊపుతావా?"

"నేను సైకిళ్ళు అమ్ముకుని బతికేవాణ్ణి బురుల్."

"హాస్యం వద్దు."

"హాస్యం కాదు. ఊపను. నానమ్మతో గట్టిగా చెప్తాను."

"నువ్వు చెప్పొద్దు. నేను చెప్తాను. శనివారం పొద్దున మీ వీధిలోంచేగా స్టేడియానికి పోవాలి."

తిలెక్ మొహం పాలిపోయింది. "మా ఇంటికా? గడప దాటావంటే అంతే. నానమ్మ కాలం మనిషి. తనంతట తాను గడప దాటి వచ్చిన పిల్ల ఇక ఆ ఇంటి పిల్లే అంటుంది. వాకిలికి అడ్డంగా పడుకుంటుంది. నిజంగా!"

"దాటను," అంది బురుల్.

*

శనివారం తెల్లవారుతూనే ఆరు సైకిళ్ళు తాష్‌బులాక్ నుంచి బయల్దేరాయి. ఊరు దాటాక వెనక ఇంజను చప్పుడు వినిపించింది. కెరిమ్ గడ్డి లారీ. పంపు, నీళ్ళ డబ్బాలు వెనక వేసుకుని మెల్లగా నడుపుతున్నాడు. తిట్టి వెనక్కి తీసుకుపోవడానికి వచ్చాడో, ఆడపిల్లలు పెద్ద రోడ్డు మీద ఒంటరిగా పోతున్నారని వచ్చాడో ఆయన చెప్పలేదు. ముందుకూ పోలేదు. దారిలో ఒక టైరు దిగిపోతే మాత్రం లారీ దిగి, పిల్ల చేతిలోంచి పంపు లాక్కుని తనే గాలి కొట్టాడు. అయిదు రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట, "ఇది బాగానే ఉందే."

బాత్మా నానమ్మ ఇంటి ముందు బురుల్ సైకిలు ఆపింది. ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద. వెనక అయిదుగురూ వరసగా ఆగారు. ఆ వెనక లారీ. ఎదురింటి గేటు తెరుచుకుంది. పక్కింటి కిటికీ తెరుచుకుంది.

నానమ్మ గేటు లోపల చెట్టు కింద ఆపిల్ పళ్ళు ఏరుతోంది. తిలెక్ వాకిట్లో చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"వచ్చావా," అంది నానమ్మ. కళ్ళు చురుగ్గా మెరిశాయి. "లోపలికి రా. టీ తాగుదువు గాని."

"ఇక్కడే బాగుంది అపా."

"రొట్టె రుచి చూడకుండా పోతారా ఎవరైనా?"

"ఇటివ్వండి, చూస్తాను."

నానమ్మ రొట్టె తెచ్చి గేటు గడపకు అవతల నిలబడి చెయ్యి చాచింది. బురుల్ సైకిలు మీంచే వంగి ముక్క తుంచుకుంది. పిల్లలకూ అందించింది. అందరూ నములుతూ చూస్తున్నారు.

"చెప్పు," అంది నానమ్మ.

"ఆ రోజు మీ మనసు నొప్పించాను. అది తప్పే. కమ్మలు వద్దన్నాననుకున్నారు మీరు. కమ్మలతో పాటు వచ్చిన మాటను వద్దన్నాను."

"ఆ మాట నేననలేదు. అదిగో, ఆ టోపీ ఆయన అన్నాడు."

లారీలో కెరిమ్ టోపీ సర్దుకున్నాడు.

"మీరు తల ఊపారు."

ఎవరైనా మొహం మీదే నిజం చెప్పడం నానమ్మకు అలవాటు లేనట్టుంది.

"ఊపాను," అంది చివరికి.

మీరిమ్ రొట్టె మింగి ముందుకు వంగింది. "అపా, ఎజెకేకి కమ్మలు పెడితే ఇక మాతో రాదా? అయితే ఇవాళ పెట్టకండి. ఇవాళ పోటీ ఉంది."

ఎదురింట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నానమ్మ నవ్వలేదు. ఆ అయిదుగురినీ ఒక్కొక్కరినే చూసింది. దుమ్ము కొట్టుకున్న మోకాళ్ళు, సైజు చాలని హెల్మెట్లు, రొట్టె నలుగుతున్న బుగ్గలు. వాళ్ళెవరూ ఆవిడకు భయపడటం లేదు.

"గడప దాటనని ఒట్టేసుకుని వచ్చావా?"

"అవును అపా."

"మొండి ఘటం." లోపలికి వెళ్ళింది. నానమ్మ ఎర్ర పెట్టెతో తిరిగొచ్చి, మోకాలు పట్టుకుని, గడప దాటి వీధిలోకి దిగింది. "నేనే దాటాను. పోనీలే, కాళ్ళేం అరిగిపోలేదు. కమ్మలు పెట్టుకుంటావో పెట్టుకోవో నీ ఇష్టం. పెట్టుకున్నాక తొక్కుతావో మానతావో అదీ నీ ఇష్టం. మళ్ళీ తల ఊపితే నా పేరు బాత్మా కాదు. ఇప్పుడడుగుతున్నాను. సరేనా?"

బురుల్ చెయ్యి చాచింది. అద్దం లేకుండా, సైకిలు దిగకుండా, కమ్మలు తనే పెట్టుకుంది. కుడివైపుది త్వరగా పట్టింది. ఎడమవైపుది కాస్త సతాయించింది. వెనకనుంచి కెరిమ్ గొంతు ఖంగుమంది. "మరి ఇంకెందుకు ఆలస్యం? ఎనిమిదింటికి పేర్లు పిలుస్తారట! ఆవిడ్ని లారీ ఎక్కించండి, ఆవిడా చూస్తుంది."

"ఎక్కించు మరి, నిలబడి చూస్తావేం?" అంది నానమ్మ మనవణ్ణి. తిలెక్ చీపురు పడేసి పరుగున వచ్చాడు. కానీ నానమ్మ దగ్గరకు కాదు, బురుల్ హ్యాండిలు దగ్గరకు.

"అయితే ఖాయమేనా? కమ్మలు పెట్టుకున్నావుగా!"

"అడిగింది మీ నానమ్మ. జవాబూ ఆవిడకే ఇచ్చాను." బురుల్ పెడలు సరిచేసుకుంది. "నన్ను నువ్వింకా అడగలేదు."

"ఇక్కడా? ఇంతమందిలోనా?"

"చెవులు మూసుకున్నది ఇంతమందికి తెలిసిందిగా. ఇదీ తెలియనీ."

సైకిలు కదిలింది. వెనకే అయిదూ కదిలాయి. తిలెక్ పక్కన పరుగెత్తాడు. ఎదురింటివాళ్ళు, కిటికీలో వాళ్ళు, లారీలో సగం ఎక్కిన నానమ్మ, అందరూ చూస్తుండగా ఊపిరి అందక ఒగరుస్తూ అరిచాడు.

"బురుల్! నన్ను చేసుకుంటావా?"

"చేసుకుంటాను!" ఆమె కూడా అరిచే చెప్పింది. మలుపు దాకా ఉన్న ఇళ్ళన్నిటికీ వినపడేలా చెప్పి, గేరు మార్చి, లేచి నిలబడి తొక్కింది.